వరంగల్‌లో లా చదువుతూ మానవ హక్కుల వైపు వెళ్లాలంటే ఏ విదేశీ భాష నేర్చుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: పరకాల నుంచి వచ్చి హన్మకొండలో ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ మూడో ఏడు చదువుతున్నారు. మానవ హక్కుల రంగంలో పనిచేయాలని, వీలైతే జెనీవాలోని ఐక్యరాజ్య సమితి కార్యాలయం దాకా వెళ్లాలని ఉంది. అందుకోసం ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్ మూడూ ఒకేసారి మొదలుపెట్టాలా, దీనికి చదువు హైదరాబాద్‌కో ఢిల్లీకో మార్చుకోవాలా అని అడిగారు.

ముందే సూటిగా చెప్తాను చెల్లెమ్మా. మూడు భాషలు వద్దు. ఒక్కటి పట్టుకుని బీ2 స్థాయి దాకా, అంటే సొంతంగా చదివి వాదన రాయగలిగే దాకా తీసుకెళ్లండి. అంతర్జాతీయ సంస్థలే లక్ష్యమైతే ఫ్రెంచ్. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వలస కార్మికుల కేసులు మీద వేసుకుంటామంటే అరబిక్. ఊరు మారాల్సిన అవసరం లేదు. భాష ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు, పరీక్షకు మాత్రం పట్నం పోయి రావాలి. హక్కుల పని నేర్చుకోవడానికైతే ఉత్తర తెలంగాణ కంటే మంచి చోటు మీకు ఢిల్లీలో దొరకదు. ఎందుకో కింద చెప్తాను.

మొదట భాషల సంగతి. సమితికి ఆరు అధికార భాషలున్నాయి: ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్, రష్యన్, చైనీస్. కానీ సచివాలయంలో రోజువారీ పని నడిచేది ఇంగ్లీషు, ఫ్రెంచ్‌లలోనే. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికీ, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకూ, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకూ ఈ రెండే పని భాషలు. ఫ్రెంచ్ మాట్లాడే ఆఫ్రికా దేశాల్లో ఫీల్డ్ ఉద్యోగాలు పడినప్పుడు ఇంగ్లీషు ఒక్కటే ఉన్నవాళ్లు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. స్పానిష్ అమెరికా ఖండాల మానవ హక్కుల వ్యవస్థకు ప్రాణం. కాని మీకు అటు పనిచేసే ఆలోచన లేకపోతే ఆ కష్టం మీ ఫైళ్లకు అక్కరకు రాదు. జర్మనీలో చదవాలనుకుంటే తప్ప జర్మన్ మీ లక్ష్యానికి దగ్గరి దారి కాదు.

మూడు భాషల్లో ఏ1 సర్టిఫికెట్లు తెచ్చుకుంటే బయోడేటా నిండుగా కనిపిస్తుంది కానీ పనికి రావు. ఏ1 అంటే పేరు, ఊరు, టైము చెప్పుకోగలగడం. ఏ2 అంటే బజారులో నెగ్గుకురావడం. బాధితుడి వాంగ్మూలం చదవాలన్నా, ఒక తీర్పును సారాంశం చేయాలన్నా కనీసం బీ2 కావాలి. ఫ్రెంచ్‌లో సున్నా నుంచి బీ2కు సుమారు 550 నుంచి 650 గంటలు పడుతుంది. రోజుకు ఒక గంట, ఆదివారంతో సహా, తప్పకుండా పెడితే రెండేళ్లలోపు అవుతుంది. అంటే మీ ఐదో ఏడు మధ్యకు చేతికొస్తుంది. అదే గంటను మూడు భాషలకు పంచితే డిగ్రీ అయ్యేసరికి మూడింటిలోనూ ఏ2 దగ్గరే నిలబడతారు.

అరబిక్ లెక్క వేరు. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు వేసిన అంచనా ప్రకారం ఫ్రెంచ్‌కు 750 క్లాసు గంటల లోపు చాలు, అరబిక్‌కు 2,200 కావాలి. మనకూ దగ్గరదగ్గరగా అంతే. అయితే వరంగల్ పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు లిపి సగం వచ్చినట్టే. పైగా మన కోర్టు తెలుగులో ఉన్న దావా, వకాలత్, హుకుం, హాజరు, హక్కు, వసూలు అన్నీ అరబ్బీ మూలం నుంచి పార్సీ, ఉర్దూ మీదుగా వచ్చినవే.

ఇక్కడే ఒక గొయ్యి కూడా ఉంది. మన దగ్గర ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అరబిక్‌లో 'ముద్దఈ' అంటే దావా వేసినవాడు, అంటే ఫిర్యాది. ఎదుటి పక్షం 'ముద్దఆ అలైహి', క్రిమినల్ కేసులో నిందితుడు 'ముత్తహమ్'. రియాద్ నుంచి వచ్చిన కోర్టు కాగితంలో మన కార్మికుడి పేరు పక్కన 'ముద్దఈ' అని చూసి, ఇతని మీదే కేసు పెట్టారని ఇంట్లోవాళ్లు బెదిరిపోతారు. నిజానికి అతనే జీతం కోసం కేసు వేసి ఉంటాడు. అట్లాగే 'వకాలా' అక్కడ వకీలుకిచ్చే అధికారానికే కాదు, ఏ పవర్ ఆఫ్ అటార్నీకైనా వాడతారు. చెవికి తెలిసిన మాట కదా అని అర్థం వెతకకుండా పోతే పక్షాలే తారుమారైపోతాయి.

గల్ఫ్ ఫైళ్లలో ప్రాణం ఉండేది మూడు నాలుగు అరబ్బీ మాటల్లోనే. 'ముఖాలస నిహాయియ్య' అంటే తుది లెక్క. 'నాకు రావలసినవన్నీ ముట్టాయి' అని కార్మికుడు సంతకం పెట్టే కాగితం అది. విమానం టికెట్ ఇస్తామని చెప్పి చాలామందితో చదవనివ్వకుండా సంతకం పెట్టిస్తారు. దాని మీద సంతకం ఉందో లేదో మొదట చూడాలి. ఉంటే తేదీ ఏమిటి, మొత్తం ఎంత రాశారు, బ్యాంకులో అంత పడ్డదా అని సరిచూడాలి. 'తనాజుల్' అంటే హక్కు వదులుకోవడం. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మారేటప్పుడూ ఈ మాట వస్తుంది, హత్య కేసులో బాధిత కుటుంబం క్షమించేటప్పుడూ వస్తుంది. సందర్భం చూడకుండా అనువదించకూడదు. 'హురూబ్' అంటే పారిపోయాడని యజమాని ఇచ్చిన రిపోర్టు. అది ఉన్నంతకాలం అకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) రెన్యువల్ కాదు, ఊరికి రావడానికి ఎగ్జిట్ అనుమతి కూడా మామూలు పద్ధతిలో రాదు. ఇక మరణ పత్రంలో 'వఫాత్ తబీఇయ్య' అంటే సహజ మరణం, 'ఇసాబత్ అమల్' అంటే పనిలో దెబ్బ. ఈ రెండు మాటల తేడా మీదే నష్టపరిహారం ఆధారపడుతుంది. శవపేటికతో వచ్చిన కాగితాల్లో మొదటి మాట ఉంటే, పనిచోట ఏం జరిగిందో తోటి కార్మికుల నుంచి వాంగ్మూలాలు, ఆస్పత్రి రిపోర్టు వెంటనే తెప్పించాలి. ఆలస్యమైతే చూసినవాళ్లు చెదిరిపోతారు.

గడువులు కూడా చెప్పాలి. సౌదీ కార్మిక చట్టంలో 234వ ఆర్టికల్ ప్రకారం పని సంబంధం తెగిన 12 నెలల్లోపు దావా వేయాలి. ఊరికొచ్చి ఏడాదిన్నరకు మన దగ్గరికి వస్తే చేయగలిగేది చాలా తక్కువ. కేంద్ర ప్రభుత్వ వలసల పోర్టల్ ఈ-మైగ్రేట్ ద్వారా వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాళ్లకు ఉండదు. కాబట్టి ఫైలు తెరవగానే అడగాల్సింది ఏ వీసా, ఏ ఏజెంటు, రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటేనా అన్నది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి తీసుకున్నదంతా ఫిర్యాదుకు ఆధారమే. కాని రసీదు లేకుండా చేతిలో పెట్టిన డబ్బుకు సాక్షిని, అప్పు తెచ్చిన చోటు కాగితాన్ని మీరే వెతకాలి.

సరే, భాష నేర్చుకోవడానికి మీ కాలేజీ అడ్డుపడుతుందా? పడదు. ఒకేసారి రెండు రెగ్యులర్ డిగ్రీలు చేయకూడదని బార్ కౌన్సిల్ 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ నిబంధనల్లో 6వ నిబంధన చెబుతుంది. అదే నిబంధన భాషల మీద చేసే స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్ కోర్సులకు, దూరవిద్య కోర్సులకు మినహాయింపు ఇచ్చింది. ఎవరైనా కుదరదంటే ఆ నిబంధన చూపించండి. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. ఫ్రెంచ్, అరబిక్ రెండూ అక్కడ చెబుతారు. ఫ్రెంచ్‌కు అలయన్స్ ఫ్రాన్సేజ్ అనే భాషా కేంద్రం ఉంది. వారాంతాల్లో కాజీపేట నుంచి రైలెక్కి పోయి వద్దామని చాలామంది మొదలుపెడతారు. రానుపోను 260 కిలోమీటర్లకు పైనే. పరీక్షల నెల రాగానే మానేస్తారు. అందుకే టీచరు లైవ్‌లో ఉండే ఆన్‌లైన్ క్లాసు వారానికి మూడు రోజులు చాలు, మిగతా నాలుగు రోజులు సొంత సాధన. యాప్‌లు మాటలు గుర్తుంచుకోవడానికి పనికొస్తాయి, రాయడం మాత్రం నేర్పవు.

ఫ్రెంచ్ డెల్ఫ్ బీ2 పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 100కి 50 రావాలి, ఏ భాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. రాత భాగంలో గంటలో కనీసం 250 మాటల వాదన లేఖ రాయాలి. లా విద్యార్థులకు ఇది అనుకూలం, ఎందుకంటే పిటిషన్ కట్టే పద్ధతే అది. మనవాళ్లు జారేది వినడంలో. రాసిన అక్షరాలు చివర పలకరు. తెలుగువాళ్లం ప్రతి మాటకూ చివర అచ్చు కలుపుతాం, కాబట్టి విన్నప్పుడు మాట ఎక్కడ తెగిందో పట్టుకోలేం. ఇంకొకటి, పెదాలను 'ఊ'కు పెట్టి నాలుకతో 'ఈ' అనే ధ్వని ఉంది. అది రాకపోతే వీధి, చక్రం రెండూ ఒకే మాటలా వినిపిస్తాయి. మొదటి నెలంతా ధ్వనుల మీదే పెట్టండి. వ్యాకరణం తొందరేమీ లేదు.

ఇక అసలు విషయం. భాష ఎంత వచ్చినా మీ చేతుల మీదుగా కట్టిన ఫైలు లేకపోతే మానవ హక్కుల ఉద్యోగానికి ఎవరూ పిలవరు. ఆ ఫైళ్లు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు చలికాలంలో వచ్చి ఎండాకాలం చివరిదాకా పనిచేస్తాయి. ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుత్తికోయ గూడేలు ఉన్నాయి. పోడు భూముల గొడవలు ఉన్నాయి. కాకతీయ యూనివర్సిటీలో లెక్కల పాఠం చెప్పిన బాలగోపాల్ తరువాత లా చదివి హక్కుల వకీలయ్యాడు. ఆయన నివేదికలకు బలం ఘటన జరిగిన ఊరికి పోయి అడిగి తెలుసుకోవడంలోనే ఉండేది.

ఇటుక బట్టీ ఉదాహరణే తీసుకుందాం. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నాటిది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణ కింద బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల కార్మికుల కేసులో చెప్పింది. కాబట్టి మీరు అడగాల్సినవి ఇవి: ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరి చేతుల నుంచి, ఇంట్లో ఎంతమంది పనిచేస్తున్నారు, వెయ్యి ఇటుకలకు ఎంత కూలి, వారానికి ఖర్చుకు ఎంత ఇస్తారు, ఊరికి పోతామంటే పోనిస్తారా, జబ్బు చేస్తే ఎవరు తీసుకుపోతారు. విడుదల సర్టిఫికెట్ ఇచ్చే అధికారం కలెక్టరుకో ఆర్డీవోకో ఉంటుంది. ఆ సర్టిఫికెట్ లేకుండా వాళ్లను రైలెక్కించి పంపితే పునరావాసానికి ఆధారమే ఉండదు, పాత అప్పు కిందికే మళ్లీ వెళ్తారు. దయతో చేసే పొరపాట్లలో ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది.

రెండో పొరపాటు దుబాసీ విషయంలో. బట్టీలో తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాడు ఎవరంటే సర్దారే. అడ్వాన్సు ఇచ్చి వాళ్లను తెచ్చినవాడు అతనే. అతన్ని మధ్యలో పెట్టి 'మిమ్మల్ని ఎవరైనా నిర్బంధించారా' అని అడిగితే ఏ జవాబు వస్తుందో చెప్పక్కర్లేదు. దుబాసీని బయటి నుంచి తీసుకురండి, అతని పేరు వాంగ్మూలం కింద రాయండి, రాసింది తిరిగి వాళ్ల భాషలో చదివి వినిపించి ఆ తరువాతే వేలిముద్ర తీసుకోండి.

మీరు భాషల మీద ఇష్టంతో ఉన్నారు కాబట్టి ఒక్క వాక్యం దగ్గర పెట్టి చూపిస్తాను. ఠాణాకు తీసుకుపోయిన మనిషి భార్య ఇట్లా చెబుతుంది: 'రాత్రి మా ఆయనను తీస్కపోయిండ్రు, బాగ కొట్టిండ్రు.' దీన్ని ఇంగ్లీషులో పెట్టగానే చాలామంది పోలీసులు తీసుకెళ్లారు, పోలీసులు కొట్టారు అని రాసేస్తారు. ఆమె వాక్యంలో పోలీసులు అన్న మాట లేదు. తెలుగులో కర్త చెప్పకుండా వాక్యం నడుస్తుంది, ఇంగ్లీషులో నడవదు, ఆ ఖాళీని అనువదించినవాడు ఊహతో నింపుతాడు. వచ్చింది ఫారెస్టువాళ్లు కావచ్చు, యూనిఫారం లేనివాళ్లు కావచ్చు. ఇంకో చిక్కు ఉంది. 'కొట్టిండ్రు' అన్నది నలుగురి గురించి కావచ్చు, సారు అని మర్యాదగా ఒక్కడి గురించీ కావచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో 'ఎంతమంది?' అన్న ప్రశ్నకు ఆమె 'ఒక్కడే' అంటే, పిటిషన్‌లో బహువచనం ఉన్నందుకు ఆమె అబద్ధం చెప్పినట్టు లెక్కవుతుంది. తప్పు ఆమెది కాదు, అనువాదానిది. అందుకే ప్రతి క్రియాపదం దగ్గరా ఆగి అడగాలి: ఎవరు, ఎంతమంది, ఏ బట్టల్లో, దేనితో, ఎన్ని గంటలకు. ఫ్రెంచ్‌లో 'ఓన్' అనే సర్వనామంతో కర్త ఎవరో తేల్చకుండా వాక్యం రాయొచ్చు, మన వాంగ్మూలాలకు అది బాగా అతుకుతుంది. ఇట్లాంటి తేడాలు కనిపెట్టే చెవి ఉన్నవాళ్లు ఈ రంగంలో చాలా తక్కువ. మీకు ఉన్న ఆసక్తి నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఇక మానవ హక్కుల కమిషన్లకు రాసే ఫిర్యాదుల గురించి. మానవ హక్కుల రక్షణ చట్టం 1993లో 36వ సెక్షన్ చదవండి. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారించదు. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు. విద్యార్థులు ఉత్సాహంతో ఒకే ఫిర్యాదును రెండింటికీ పంపుతారు, దాంతో జాతీయ కమిషన్ దగ్గరిది మూతపడుతుంది. ఏదో ఒకటి నిర్ణయించుకుని పంపండి. ఫీజు లేదు. ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా ఇవ్వొచ్చు కాబట్టి తెలుగులోనే రాయొచ్చు. తేదీ, సమయం, చోటు, అధికారి హోదా, వైద్య కాగితాలు ఉంటే చాలు. వర్ణనలు, వ్యాఖ్యలు తీసేయండి. అస్పష్టంగా ఉన్నవి, పేరు లేనివి మొదట్లోనే కొట్టేస్తారు.

జెనీవాకు కూడా ఇక్కడి నుంచే రాయొచ్చు, అది చాలామందికి తెలియదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. కానీ వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రొటోకాల్‌లో చేరలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టింది, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. అంటే ఈ రెండు ఒప్పందాల కింద ఫిర్యాదులు వినే సమితి కమిటీల తలుపు మన బాధితుడికి మూసి ఉంది. సమితి మానవ హక్కుల మండలి నియమించే నిపుణులు, అంటే ప్రత్యేక ప్రతినిధులు, వర్కింగ్ గ్రూపుల దారి మాత్రం తెరిచే ఉంటుంది, దేశం ఏ ఒప్పందంలో చేరిందన్నదానితో దానికి పనిలేదు. ఆన్‌లైన్ ఫారంలో ఇంగ్లీషులో, ఫ్రెంచ్‌లో లేదా స్పానిష్‌లో వివరాలు ఇవ్వాలి. బాధితుడి సమ్మతి ముందుగా తీసుకోవాలి. అతని పేరు ప్రభుత్వానికి తెలియవచ్చని అతనికి అర్థమయ్యేలా చెప్పకుండా పంపడం పెద్ద తప్పు.

ఇప్పటి నుంచి మీ క్రమం ఎట్లా ఉండాలో చెప్తాను. ఐదేళ్ల కోర్సువాళ్లకు మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, ఒకేసారి వరుసగా నాలుగు వారాలకు మించకూడదు. దాన్ని సంతకాల కోసం వృథా చేయకండి. నాలుగు వారాలు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, నాలుగు వారాలు క్రిమినల్ వైపు ట్రయల్ వకీలు దగ్గర, నాలుగు వారాలు వలస కార్మికుల మీదో పోడు మీదో పనిచేసే సంస్థలో, నాలుగు హైకోర్టులో రిట్లు వేసే వకీలు దగ్గర, మిగిలినవి జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇంటర్న్‌షిప్‌కు పెట్టుకోండి. ట్రయల్ వకీలు దగ్గరి నెలను మాత్రం వదలకండి. రిమాండ్ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, పంచనామా చదవడం అక్కడ తప్ప ఎక్కడా రాదు.

సమితి ఇంటర్న్‌షిప్‌కు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, మాస్టర్స్ చదువుతున్నవాళ్లు, డిగ్రీ అయి ఏడాది దాటనివాళ్లు దరఖాస్తు చేయొచ్చు. జీతం ఉండదు, జెనీవా ఖర్చు మామూలుది కాదు. అప్పు చేసి పోవద్దని నా సలహా. ఆ డబ్బుతో రెండేళ్లు ఇక్కడ ప్రాక్టీసు నిలబెట్టుకోవచ్చు. రెండేళ్ల పని అనుభవం ఉంటే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్నింగ్ లాంటి స్కాలర్‌షిప్‌కు అర్హత వస్తుంది. ఎసెక్స్, గాల్వే, లుండ్, జెనీవా అకాడమీ లాంటి చోట్ల ఇంగ్లీషులోనే మానవ హక్కుల ఎల్‌ఎల్‌ఎం చేయొచ్చు. సమితిలో కింది స్థాయి ప్రొఫెషనల్ పోస్టుకు కూడా సాధారణంగా మాస్టర్స్‌తో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతారు. కాబట్టి ముందు ప్రాక్టీసు, తరువాత ఎల్‌ఎల్‌ఎం అన్న వరుసే మీకు కలిసొస్తుంది. మీ స్నేహితుల్లో కోయ, గోండు, నాయక్‌పోడు పిల్లలుంటే జెనీవా మానవ హక్కుల కార్యాలయం ఆదివాసీల కోసం నడిపే ఫెలోషిప్ గురించి వాళ్లకు చెప్పండి.

ఒక చిన్న జాగ్రత్త. డిగ్రీ కాగానే బార్ కౌన్సిల్‌లో నమోదు చేసుకోండి. 2024 సుప్రీంకోర్టు తీర్పు తరువాత నమోదు ఫీజు జనరల్‌కు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదు. ఆ తరువాత ఏదైనా సంస్థలో పూర్తికాలం జీతం మీద చేరితే బార్ కౌన్సిల్ 49వ నిబంధన ప్రకారం ప్రాక్టీసు ఆపుతున్నట్టు తెలియజేయాలి. తెలియజేయకుండా రెండూ నడిపితే ఎదుటి పక్షం మొదట పట్టుకునేది అదే, దెబ్బ మీకంటే ముందు మీ కక్షిదారుకు తగులుతుంది. కేసు ప్రాతిపదికన ఫీజు తీసుకుని సంస్థ పని చేస్తే ఈ ఇబ్బంది రాదు.

మీకు ఉర్దూ చదవడం వచ్చా లేదా అన్నది మీ ప్రశ్నలో లేదు. వస్తే నేనైతే అరబిక్ వైపే మొగ్గు చూపమంటాను. ఉత్తర తెలంగాణలో ఇంతమంది గల్ఫ్ కార్మికులుండగా, వాళ్ల కాగితాలను మూలంలోనే చదవగల వకీలు దొరకడం చాలా కష్టంగా ఉంది. రాకపోతే ఫ్రెంచ్ మొదలుపెట్టండి. ఏది ఎంచుకున్నారో చెప్పండి, మొదటి ఆరు నెలల సాధన ఎట్లా పెట్టుకోవాలో విడిగా రాస్తాను.